35 రూపాయల తేడాకి 285 రూపాయల రసీదు: నా చేత్తో రాసిన ఒక కేసు

టికెట్ చెకింగ్‌లో 30 ఏళ్ల పైన చేసి రిటైర్ అయ్యాను. ఇన్నేళ్లలో ఎన్ని వేల రసీదులు చింపానో లెక్క లేదు, వాటిలో నిద్ర పాడుచేసినవి మాత్రం ఓ నాలుగైదు ఉంటాయి. అందులో ఒకటి ఇది. 2024 ఎండాకాలం, అప్పటికి నాకు సర్వీసు ఏడాది చిల్లర మిగిలుంది. స్టేషన్ల పేర్లు, బండి నంబర్ చెప్పను, ఏ లైన్‌లో అయినా రోజూ జరిగే సంగతే కాబట్టి అవి తెలిసి మీరు చేసేది కూడా ఏం లేదు. కొత్తగా చెకింగ్‌లోకి వచ్చిన పిల్లలు, రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు ఇద్దరూ చదవాలని రాస్తున్నా.

పొద్దున 8 దాటింది. మా స్క్వాడ్ నలుగురం ఒక సూపర్‌ఫాస్ట్‌లో ఉన్నాం. ఆ బండి ఒక జంక్షన్‌లో 2 నిమిషాలు ఆగుతుంది, అక్కడ వదిలితే 32 కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌన్‌లోనే మళ్లీ ఆగేది. దానికంటే ముందు పోవాల్సిన మెము, అంటే అన్ని చిన్న స్టేషన్లలో ఆగే పాసింజర్ బండి, ఆరోజు లేటు, అందుకని మెము జనం అంతా ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయారు, హాస్పిటల్ డ్యూటీలకి పోయేవాళ్లు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు. మా బండి వచ్చి ఆగింది, నేను వెనక జనరల్ బోగీ డోర్ దగ్గర నిలబడి ఉన్నా. ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది, 50 పైనే ఉంటాయి, చేతిలో వైరు బుట్ట, అందులో స్టీలు క్యారియర్. "బాబూ, టౌనుకి పోద్దా ఇది?" అంది. "పోతుందమ్మా, ఎక్కండి ఎక్కండి, కదుల్తోంది" అన్నాను. చెయ్యి కూడా ఇచ్చాను. ఎక్కింది.

బండి స్పీడ్ అందుకున్నాక చెకింగ్ మొదలుపెట్టాం. నాతో ఉన్న కుర్రాడు కొత్తగా వచ్చాడు, మంచి హుషారు, ఒక చివర్నించి వాడు, ఇంకో చివర్నించి నేను. ఆవిడ దగ్గరికి నేనే వచ్చాను. క్యారియర్ బుట్ట ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుంది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన టికెట్ తీసి, నా చేతికి ఇచ్చేముందు మోకాలి మీద పెట్టి అరచేత్తో చదును చేసి మరీ ఇచ్చింది. చూస్తే సెకండ్ ఆర్డినరీ, 10 రూపాయలు, ఆరోజుదే, గంట క్రితం తీసుకున్నదే.

"అమ్మా, ఇది మెము టికెట్. ఈ బండి సూపర్‌ఫాస్టు."

"టౌనుకే కద బాబూ కొన్నా."

"టౌనుకే, కాదన్లేదు. ఈ బండికి చెల్లదు."

"కరోనా కాడ్నించి ఏ బండికైనా ఒకటే టికెట్టు కద. ఇప్పుడు రేటు తగ్గించారంట, కౌంటర్లో అబ్బాయే పది తీసుకున్నాడు."

చూడండి, ఆవిడ కావాలని అబద్ధం చెప్పలేదు. కరోనా తర్వాత పాసింజర్ బళ్లు మళ్లీ మొదలుపెట్టినప్పుడు వాటికి కూడా ఎక్స్‌ప్రెస్ ఛార్జీయే పెట్టారు, మినిమం 30. అలా మూడు నాలుగేళ్లు నడిచింది. చేతిలో ఉండేది ఎక్స్‌ప్రెస్ టికెట్ కాబట్టి మెము వస్తే మెము, ఎక్స్‌ప్రెస్ వస్తే ఎక్స్‌ప్రెస్, ఏది ముందొస్తే అది ఎక్కడం జనానికి అలవాటైపోయింది. 2024 ఫిబ్రవరి చివర్లో ఆర్డినరీ ఛార్జీ మళ్లీ తెచ్చారు, మినిమం 10 అయింది. జనానికి అర్థమైంది ఒకటే, 30 ఉన్నది 10 అయిందని. నిజానికి అయింది ఏంటంటే ఒక టికెట్ రెండు టికెట్లుగా చీలింది, మెముకి ఒకటి, ఎక్స్‌ప్రెస్‌కి ఇంకోటి, సూపర్‌ఫాస్ట్ అయితే పైన ఇంకో 15, అది మాత్రం ముందునుంచీ ఉన్నదే. మంచి పనే చేశారు, పేదవాళ్లకి రోజుకి 40 రూపాయలు మిగిలాయి, కానీ ఆ 10 రూపాయల టికెట్ ఏ బండికి పనికిరాదో కౌంటర్ దగ్గర చెప్పేవాడు లేడు. టికెట్ మీద ఆర్డినరీ అని ఉంటుంది, అది కూడా చదవగలిగినవాళ్లకి.

సరే, లెక్క వేద్దాం, ఈ కేసు అంతా ఆ లెక్కలోనే ఉంది.

ఆ దూరానికి సూపర్‌ఫాస్ట్ జనరల్ టికెట్ 45. ఆవిడ కట్టింది 10. తేడా 35. 1989 రైల్వే చట్టంలో 138 సెక్షన్ అని ఉంటుంది, చెకింగ్ స్టాఫ్‌కి అది హనుమాన్ చాలీసా లాంటిది. టికెట్ లేకుండా గానీ, ఉన్న టికెట్‌కి మించిన క్లాసులో, మించిన బండిలో, మించిన దూరం గానీ పోతే, కట్టాల్సిన ఛార్జీ లేదా తేడా కట్టి, దానికి తోడు ఎక్సెస్ ఛార్జ్ కట్టాలి. ఆ ఎక్సెస్ ఛార్జ్ ఎంతంటే, ఆ తేడాకి సమానం లేదా 250 రూపాయలు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. 35, 250లో ఎక్కువ 250. మొత్తం 285.

అసలు టికెట్టే కొనకుండా ఎక్కి ఉంటే? 45 ప్లస్ 250, అంటే 295. లైన్లో నిలబడి టికెట్ కొన్న మనిషికి, కొననే కొనని మనిషికి తేడా 10 రూపాయలు, అదీ ఆవిడ కౌంటర్లో ఇచ్చిన 10 రూపాయలే. కొన్నందుకు దక్కిన గౌరవం సున్నా అన్నమాట. (పూర్తిగా సున్నా అనడం కూడా కరెక్ట్ కాదులెండి, ఎక్కడ ఎక్కారో రుజువు లేకపోతే బండి బయల్దేరిన స్టేషన్ నుంచో, చివరిసారి చెకింగ్ జరిగిన చోటు నుంచో ఛార్జీ వేయొచ్చు, ఆ 10 రూపాయల టికెట్ ఆవిడ్ని దాన్నుంచి కాపాడింది. ప్లాట్‌ఫాం టికెట్ ఉంటే ఫైన్ ఉండదని వాట్సాప్‌లో తిరుగుతుంది చూడండి, అదీ ఇంతే, 250 పడాల్సిందే, ఛార్జీ మాత్రం ఆ స్టేషన్ నుంచి లెక్కేస్తారు.)

ఇదే నేను ఏసీ బోగీలో చెకింగ్ చేస్తుంటే, 1000 రూపాయల టికెట్ లేకుండా దొరికినవాడికి ఎక్సెస్ ఛార్జ్ ఇంకో 1000. వాడు ఎగ్గొట్టినదానికి ఒక రెట్టు. ఈవిడ 35 తక్కువ కట్టింది, పడింది 250, అంటే 7 రెట్ల పైన. ఛార్జీ 250 దాటితే అందరికీ ఒకటే రెట్టు, 250 లోపు ఎంత చిన్న ప్రయాణం అయితే అంత పెద్ద దెబ్బ. చిన్న ప్రయాణాలు చేసేది ఎవరో జనరల్ బోగీ ఎక్కితే తెలుస్తుంది.

ఆరోజు మాత్రం ఇదంతా ఆలోచించలేదండీ. ఈఎఫ్‌టీ బుక్, అంటే ఎక్సెస్ ఛార్జ్ రసీదుల పుస్తకం తీశాను, కార్బన్ సరిచేశాను, 285 రాశాను. ఆవిడ కొంగులో మొత్తం 160 ఉన్నాయి. ఒక వంద, ఒక యాభై, ఒక పది. మళ్లీ సాయంత్రం ఇంటికి రావడానికి కూడా అందులోనే. ఒక ప్రైవేట్ హాస్పిటల్లో ఆయాగా చేస్తుందంట, లేటైతే ఒక పూట జీతం కోత, అందుకే ముందొచ్చిన బండి ఎక్కేసింది. మా కుర్రాడు అటు నుంచి వచ్చి "లేకపోతే దింపేద్దాం సార్" అన్నాడు. వాడికి చట్టం తెలీదు, 139 సెక్షన్ ప్రకారం మగతోడు లేని ఆడమనిషిని గానీ, పిల్లల్ని గానీ ఎక్కడపడితే అక్కడ దింపడానికి లేదు, ఎక్కిన స్టేషన్ గానీ, జంక్షన్ గానీ, బండి ఆఖరి స్టేషన్ గానీ, జిల్లా హెడ్‌క్వార్టర్స్ గానీ అయ్యుండాలి, అదీ పగటిపూటే. చెప్పాను. ఎలాగూ ఆ బండి టౌన్‌లోనే ఆగుతుంది కాబట్టి ఆ మాట బెదిరింపుకే తప్ప దేనికీ పనికిరాదు. కానీ ఆవిడ ఆ మాట విన్నది, లేచి నిలబడి కడ్డీ పట్టుకుంది, బండి నడుస్తుండగానే దింపేస్తామనుకుందో ఏమో.

కట్టకపోతే ఏంటి అని మీరడగొచ్చు. మెమో రాసి పోలీసులకి అప్పగిస్తాం, మ్యాజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్తారు, ఆయన ఆ డబ్బుని ఫైన్ లాగా వసూలు చేయమంటాడు, అదీ కట్టకపోతే 10 రోజుల నుంచి నెల దాకా జైలు. 35 రూపాయల దగ్గర మొదలైన సంగతి, కాగితం మీద జైలు దాకా పోతుంది. నిజంగా అంతదాకా పోయేవి తక్కువే, ఎక్కువగా ఎవరో ఒకరు సర్దుతారు. ఆరోజు పక్కన కూర్చున్న కాలేజీ అబ్బాయి సర్దాడు. ఆవిడ 100 ఇచ్చింది, మిగతా 185 ఆ అబ్బాయి ఫోన్‌పే కొట్టాడు. "నీ నంబరియ్యి నాయనా, జీతం రాగానే మా పిల్లోడి చేత వేయిస్తా" అని ఆ రసీదు వెనకే రాయించుకుంది. వాడు వద్దంటున్నా వినలేదు.

టౌన్ వచ్చింది. దిగేటప్పుడు నా వైపు తిరిగి, కోపం లేకుండానే అంది, "నిన్నడిగే కద బాబూ ఎక్కా."

అంతే అని వెళ్లిపోయింది, డ్యూటీకి టైమైపోయింది కదా.

ఆరోజు సాయంత్రం లాబీలో క్యాష్ కట్టి ఇంటికి పోయాక కూడా ఆ మాట వదల్లేదు. మొదట నేను నాకే సర్ది చెప్పుకున్నా, ఆవిడ అడిగింది బండి ఎటు పోతుందని, నేను చెప్పింది ఎటు పోతుందని, టికెట్ చెల్లుద్దా అని అడిగిందా ఏంటి అని. ఆడిటర్‌కి చెప్పడానికి అయితే సరిపోయే జవాబే. కానీ చట్టం పుస్తకం తీసి 138 మళ్లీ చదివాను, ఇన్నేళ్లలో చివరిదాకా ఎన్నిసార్లు చదివానో తెలీదు, 250 దగ్గరే ఆగిపోతాం మేమంతా. దాని కింద ఒక చిన్న మినహాయింపు ఉంది. 55 సెక్షన్ కింద ఇచ్చిన సర్టిఫికెట్ ప్రయాణికుడి దగ్గర ఉంటే ఎక్సెస్ ఛార్జ్ కట్టక్కర్లేదు అని. 55 తీస్తే, టికెట్ గానీ పాస్ గానీ లేకుండా బండి ఎక్కకూడదు, లేదా అధికారం ఉన్న రైల్వే ఉద్యోగి పర్మిషన్ తీసుకోవాలి, ఆ ఉద్యోగి మామూలుగా ఒక సర్టిఫికెట్ ఇస్తాడు, తర్వాత ఛార్జీ కట్టే షరతు మీద ఈ మనిషిని పోనిచ్చాను అని. పాతకాలం వాళ్లు దీన్నే గార్డు సర్టిఫికెట్ అనేవాళ్లు. ఇప్పుడు గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పేరు మారింది గానీ ఆ సర్టిఫికెట్ రాయించుకున్న ప్రయాణికుడ్ని నేను సర్వీసులో చూసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అంటే, డోర్ దగ్గర నేను "ఎక్కండి" అనే బదులు "టికెట్ చూపించమ్మా" అని ఉంటే, అది మెము టికెట్ అని అక్కడే తెలిసుంటే, రెండు దారులు ఉన్నాయి. ఒకటి, "ఇది కాదమ్మా, వెనక మెము వస్తుంది" అనడం. రెండోది, తేడా 35 కట్టించుకునే షరతు మీద ఎక్కించి కాగితం రాసివ్వడం. రెండిట్లో ఏది చేసినా 250 ఉండదు. ఆ 250ని పుట్టించింది ఆవిడ మోసం కాదు, నా ఒక్క మాట. చెయ్యిచ్చి ఎక్కించింది నేను, 20 నిమిషాల తర్వాత అదే చేత్తో రసీదు రాసింది నేను. వకీలు ఒప్పుకోడు, నోటిమాట సర్టిఫికెట్ అవ్వదంటాడు, కరెక్టే. అయినా ప్రయాణికురాలి వైపు నుంచి చూడండి, నల్లకోటు వేసుకుని బ్యాడ్జ్ పెట్టుకున్న మనిషి ఎక్కమంటే అంతకంటే పర్మిషన్ ఏముంటుంది?

మర్నాడు తెలిసిన సీనియర్ ఒకాయన్ని అడిగాను, ఆ 250 వెనక్కి ఇప్పించే దారి ఏదైనా ఉందా గురువుగారూ అని. ఆయన నవ్వాడు. "రసీదు ప్రకారం కరెక్టే కదయ్యా, దేని మీద వెనక్కిస్తారు?" అన్నాడు. అదే చిక్కు. రసీదు తప్పయితే సరిచేయొచ్చు. నా రసీదు లెక్క పైసా కూడా తప్పు లేదు.

ఇక్కడ రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే రిటైరయ్యాక జ్ఞానోదయం అయిందంటారు మా వాళ్లే.

ఫైన్ ఉండాలి, ఉండి తీరాలి. టికెట్ ఎగ్గొట్టేవాళ్లు లేరా అంటే ఉన్నారు, రోజూ చూసేవాణ్ణి. అదే బండిలో నీట్‌గా టక్ చేసుకుని వచ్చే ఒకతను ఉండేవాడు, మమ్మల్ని చూడగానే పక్క బోగీలోకి జారుకోవడం, దొరికితే మారు మాట్లాడకుండా డబ్బు తీసిచ్చేయడం. అతని లెక్క చూడండి. నెలకి 26 రోజులు, వెళ్లేటప్పుడు 45 చొప్పున 1170. నెలలో రెండుసార్లు దొరికాడనుకుందాం, 295 చొప్పున 590. ఇంకా 580 మిగిలింది అతనికి. (నెల పాస్ తీసుకుంటే ఇంకా చవక, ఆ సంగతి వేరే, కొందరికి అదొక సరదా.) అతనికి ఆ 250 ఫైన్ కాదు, బండి ఖర్చు. అంటే ఒకే 250, తెలిసి చేసేవాడికి చాలదు, తెలీక చేసినావిడకి రెండు పూటల జీతం. పెంచితే ఆవిడ చచ్చిపోతుంది, తగ్గిస్తే అతను పండగ చేసుకుంటాడు. ఎంత ఉండాలి అనే దగ్గర ఎన్నేళ్లు వాదించుకున్నా తెగదు, ఎందుకంటే గొడవ ఎంత అన్న దగ్గర లేదు, ఎవరికి అన్న దగ్గర ఉంది.

చట్టం ఆ తేడా చూడలేదా అంటే, చూసింది. 137 సెక్షన్ మోసం చేసే ఉద్దేశంతో పోయేవాళ్లకి, 6 నెలల దాకా జైలు, 1000 దాకా ఫైన్, మామూలుగా 500కి తగ్గకూడదు. 138లో ఉద్దేశం మాటే ఉండదు, తెలిసినా తెలీకపోయినా కట్టాల్సిందే. కాగితం మీద బాగుంది. బోగీలో నా ముందు నిలబడ్డ మనిషి ఇదివరకు ఎన్నిసార్లు దొరికాడో నాకేం తెలుసు? 137 పెట్టాలంటే కోర్టు, సాక్ష్యం, ఒక రోజు పోతుంది. అందుకని ఆ టక్ చేసినాయనకీ 138, క్యారియర్ బుట్ట ఆవిడకీ 138. దొంగకీ పొరపాటుకీ ఒకటే రసీదు.

ఈ 250 ఎప్పటిదో తెలుసా, 2004 నుంచి. అంతకుముందు 50 ఉండేది. ఇరవై ఏళ్లయినా మారలేదు కాబట్టి పెంచాలని మా వాళ్లలో చాలామంది అంటుంటారు. సరే, పెంచండి, కానీ ఎవరికి?

నాకు బాగా గుచ్చుకున్నది ఇంకోటి. 1890 నాటి పాత చట్టం, తెల్లవాళ్లు రాసింది, అందులో ఒక ఏర్పాటు ఉండేది. ప్రయాణికుడు పట్టుబడకముందే తనంతట తాను వచ్చి, అయ్యా నా దగ్గర సరైన టికెట్ లేదు అని బండిలో ఉన్న స్టాఫ్‌కి చెప్పుకుంటే ఎక్సెస్ ఛార్జ్ బాగా తక్కువ, పట్టుబడితే ఎక్కువ. ఎంత సింపుల్ ఆలోచనో చూడండి, మనసులో ఉద్దేశం ఏంటో ఎవరూ కొలవక్కర్లేదు, వచ్చి చెప్పాడా లేదా అన్నది చాలు. 1989 చట్టం 138లో అది లేదు. నన్ను కంపార్ట్‌మెంట్‌లో వెతుక్కుంటూ వచ్చి "సార్ కౌంటర్లో లైన్ పెద్దగా ఉంది, టికెట్ తీసుకోలేకపోయా, రాయండి" అన్నవాళ్లకి కూడా, సర్టిఫికెట్ లేకపోతే, నేను 250 వేసినవాణ్ణే. ఒకసారి అలా వేయించుకున్నాయన అన్నాడు, "చెప్పకుండా బాత్రూంలో దూరుంటే బాగుండేది." ఏం చెప్తాం.

మరి టీసీకి అధికారం ఇచ్చేయొచ్చు కదా, చూసి తగ్గించమని? ఇది మాత్రం వద్దు, లోపలివాణ్ణి చెప్తున్నా. తగ్గించే అధికారం బోగీలో నిలబడ్డ మనిషికి ఇస్తే, ఆ తగ్గింపుకి కూడా ఒక రేటు పుడుతుంది, అది ఎవరి జేబులోకి పోతుందో మీకు తెలుసు. ఆవిడ 285 కట్టక్కర్లేదు, నా చేతిలో 100 పెడితే చాలు, రసీదు ఉండదు, ఇద్దరం హ్యాపీ. ఫిక్స్‌డ్ 250 అనేది ప్రయాణికుడ్ని మా నుంచి కాపాడే గోడ కూడా. కాబట్టి జాలి కూడా రూల్ రూపంలోనే, రసీదు మీదే ఉండాలి. ఆరోజు టికెట్ చేతిలో ఉండి, అది బండికో క్లాసుకో సరిపోకపోతే ఒక చిన్న స్లాబ్, తేడాకి రెండింతలు అనుకోండి, ఈవిడకి 35 మీద 70, మొత్తం 105, నొప్పి తెలుస్తుంది, ప్రాణం పోదు. అసలు టికెట్టే లేకపోతే ఇప్పుడున్నట్టే. రెండోసారి, మూడోసారి దొరికినవాడికి పెరగాలి, ఇప్పుడు చేతిలో మెషిన్లు వచ్చాయి కదా, ఆ పని మెషిన్ చూసుకోవచ్చు.

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటుంది, ఈ సంగతి ఫోన్లో చెప్తే "ఇక్కడ కూడా ఇదే గోల నాన్నా" అంది. అక్కడ పెనాల్టీ ఫేర్ 20 పౌండ్లు ఉండేది, 2023 జనవరి నుంచి 100 పౌండ్లు చేశారు, ఛార్జీ అదనం. కానీ 21 రోజుల్లో కట్టేస్తే 50 అవుతుంది, అన్యాయం అనుకుంటే అప్పీల్ చేసుకోవచ్చు, అదీ ఒకటి కాదు, మెట్లు మెట్లుగా ఉంది, చివర్లో రైలు కంపెనీతో సంబంధం లేని ప్యానెల్ చూస్తుంది. 2024లో అక్కడ ఒక కుర్రాడి కేసు పెద్ద రచ్చ అయిందట. స్టూడెంట్ వయసు వాళ్లకిచ్చే రైల్‌కార్డ్‌తో టికెట్ కొన్నాడు, పొద్దున పూట ఆ డిస్కౌంట్‌కి 12 పౌండ్ల మినిమం ఛార్జీ అనే రూల్ ఉంది, అతను కట్టింది డిస్కౌంట్ లేని మామూలు ఛార్జీకి 1.90 పౌండ్లు తక్కువ. దానికి కోర్టుకి లాగుతామన్నారు, పేపర్లలో వచ్చాక వదిలేశారు. తర్వాత 2025లో అక్కడి రైల్ రెగ్యులేటర్ ఈ పద్ధతి మొత్తాన్ని పరిశీలించి రిపోర్ట్ కూడా ఇచ్చింది. 1.90 పౌండ్లు, 35 రూపాయలు, రెండు చోట్లా అదే కథ, టికెట్ ఉంది, రూల్ తెలీదు. తేడా ఏంటంటే ఆ కుర్రాడికి చదువుంది, నలుగురికి చెప్పుకోగలిగాడు. మన ఆవిడ రసీదు వెనక ఫోన్ నంబర్ రాయించుకుని డ్యూటీకి పోయింది.

జర్మనీ వాళ్లది ఇంకా నచ్చింది నాకు. ఫైన్ 60 యూరోలు, కానీ పేరు మీద ఉన్న నెల పాస్ ఇంట్లో మర్చిపోయి దొరికితే, తర్వాత ఆఫీసుకి తెచ్చి చూపిస్తే 7 యూరోలతో సరి. మన దగ్గర పాస్ ఇంట్లో మర్చిపోతే టికెట్ లేనట్టే, రేపు తెచ్చి చూపిస్తానంటే వినే ఏర్పాటు లేదు. అలాగే ఆన్‌లైన్‌లో తీసుకున్న వెయిటింగ్ టికెట్, చార్ట్ అయ్యాక కన్ఫర్మ్ కాకపోతే దానంతట అదే క్యాన్సిల్ అయిపోతుంది, అది తెలీక ఎక్కినవాడు టికెట్ లేనివాడి కింద లెక్క, అదే కౌంటర్ వెయిటింగ్ టికెట్ అయితే జనరల్ బోగీలో పోవచ్చు. ఇద్దరూ డబ్బు కట్టినవాళ్లే. ఇలాంటివి తవ్వుకుంటూ పోతే ఒక పుస్తకం అవుతుంది, వదిలేద్దాం.

నేనేం చేశానంటే, పెద్దగా ఏం చేయలేదు. ఒక కాగితం రాసి పైకి పంపాను, రెండే విషయాలు, కౌంటర్లో ఆర్డినరీ టికెట్ ఇచ్చేటప్పుడు "మెముకేనా, ఎక్స్‌ప్రెస్‌కా" అని ఒక్క మాట అడగమని, మెము లేటై దాని ముందు సూపర్‌ఫాస్ట్ వస్తుంటే "పది రూపాయల టికెట్ దీనికి చెల్లదు" అని మైకులో చెప్పమని, ఆ భాషలోనే, "ఆర్డినరీ టికెట్ ధారకులు" లాంటి మాటలు కాకుండా. జవాబు రాలేదు. వస్తుందని కూడా అనుకోలేదు. మా స్క్వాడ్ కుర్రాడికి మాత్రం 55 సెక్షన్ చదివించాను, వాడు ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

మిగిలిన సర్వీసంతా ఆ జంక్షన్‌లో ఒక పని అలవాటు చేసుకున్నా, సూపర్‌ఫాస్ట్ ఆగగానే దిగి డోర్ ముందు నిలబడి "మెము టికెట్ వాళ్లు ఎక్కొద్దు, పది రూపాయల టికెట్ వాళ్లు ఎక్కొద్దు" అని అరవడం. రెండు నిమిషాల్లో ఎంతమందికి వినబడుతుంది చెప్పండి. కొంతమంది ఆగేవాళ్లు. చివరి నెలలో ఒకరోజు ఒక పెద్దావిడ, గంప నెత్తిన పెట్టుకుని వస్తోంది, చేతిలో టికెట్ కనబడుతోంది, పదే. "అమ్మా, ఇది కాదు, వెనక మెము వస్తుంది, పది నిమిషాలు ఆగు" అన్నాను. గంప దించి, బోగీలోకి తొంగి చూసి, నన్ను ఎగాదిగా చూసింది.

"జాగా ఉందిగా లోపల. నీ సొమ్మేం పోయిందయ్యా?" అంది.

బండి కదిలింది, నేను ఎక్కేశాను. డోర్లోంచి చూస్తే ఇంకా తిడుతూనే ఉంది.